ఫోన్ ఎక్కడుందో తెలిసిన తండ్రి: ఒక కౌన్సెలింగ్ కేసు

ఈ కేసు గురించి రాస్తానని అడిగితే అమ్మాయి, ఆమె అమ్మానాన్నలు ఒప్పుకున్నారు. రాసిన తర్వాత చదివి, అమ్మాయి వద్దన్న సంగతులు తీసేయించింది. తండ్రి వ్యాపారం, ఇంట్లోవాళ్ల వివరాలు, జరిగిన కాలం మార్చాను. ఊరు ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో ఉంది. పర్లాకిమిడి కావచ్చు, కాశీనగర్ కావచ్చు, గుణుపురం కావచ్చు. అంతకు మించి చెప్పను.

పిల్లల ఫోన్‌లో లొకేషన్ చూసుకునే తల్లిదండ్రులు నా దగ్గరికి చాలామంది వస్తుంటారు. "పెట్టుకోవచ్చా, కూడదా?" అని అడుగుతారు. ఈ కేసు తర్వాత, దానికి జవాబు చెప్పేముందు నేను వాళ్లను ఒకటి అడగడం మొదలుపెట్టాను. అదెందుకో అర్థం కావాలంటే మొత్తం వరసగా చెప్పాలి.

నేపథ్యం

మూడు తరాలుగా ఒడిశాలోనే ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, దుకాణంలో రెండూ. తండ్రిది హోల్‌సేల్ వ్యాపారం, సరుకు టెక్కలి, శ్రీకాకుళం నుంచి వస్తుంది. తల్లి ఇల్లు చూసుకుంటుంది. మామ్మ కూడా వీళ్లతోనే. అమ్మాయికి 16 ఏళ్లు, ప్లస్ టు మొదటి ఏడాది సైన్స్, సాయంత్రం నీట్ కోచింగ్. తమ్ముడికి 13.

ఈ వైపు ఊళ్లు తెలియనివాళ్లకు సరిహద్దు సంగతి కొంచెం చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రం అయినప్పుడు పడిన గీత ఇది. పర్లాకిమిడి దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. నౌపడా నుంచి గుణుపురం వెళ్లే రైలు టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా ఆ గీత దాటుకుంటూ పోతుంది. సంబంధాలు, సంతలు, డాక్టర్లు, సినిమాలు అన్నీ రెండు వైపులా. అవతలికి వెళ్లి రావడం ఎవరికీ పెద్ద విషయం కాదు. కానీ ఆడపిల్ల విషయానికి వచ్చేసరికి "ఆంధ్రా వెళ్లింది" అనే మాట వేరేగా వినిపిస్తుంది.

అందుకు ఈ ఇంట్లో ఒక కారణం ఉంది. అంతకు ముందు ఏడాది తండ్రి పిన్ని మనవరాలు అవతలి ఊరి అబ్బాయితో వెళ్లిపోయి పెళ్లి చేసుకుంది. బంధువుల్లో అందరూ ఆ పిల్ల తండ్రినే అన్నారు: "కన్నతండ్రికి తెలియకుండా ఉంటుందా?" ఈ మాట ఈయన మనసులో పడిపోయింది. తర్వాత నెలలోపే కూతురి ఫోన్‌లో లొకేషన్ షేరింగ్ పెట్టారు. ఆయన్ని కూతురు తప్పు చేస్తుందేమో అన్న అనుమానం కన్నా, రేపు ఎవరైనా "నీకు తెలీదా?" అని అడుగుతారేమో అన్న భయం ఎక్కువగా నడిపిస్తోందని నాకు అనిపించింది. ఈ తేడా చూడటం అవసరం. అనుమానం ఉన్న తండ్రికి కూతురి ప్రవర్తన గురించి చెప్పి సర్దిచెప్పవచ్చు. నింద పడుతుందన్న భయం ఉన్న తండ్రికి అది సరిపోదు.

వచ్చిన సమస్య

తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గిపోవడం. డాక్టరు కళ్లూ రక్తమూ పరీక్ష చేయించి, ఏమీ లేదని చెప్పి నా దగ్గరికి పంపారు. తండ్రి మాత్రం వేరే సమస్యతో వచ్చారు.

"అబద్ధాలాడుతోంది మేడమ్. కోచింగ్‌లో ఉన్నానంటది. ఫోన్ చూస్తే ఆంధ్రాలో ఉంటది. ఇదిగో, చూడండి."

ఆయన ఫోన్‌లో స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. కొన్ని సాయంత్రాల్లో మ్యాప్ మీద కూతురి ఫోన్‌ను చూపించే చుక్క సరిహద్దు అవతల కనిపిస్తోంది. ఇంకొన్ని రోజులు పది నిమిషాల దారికి అరగంట పట్టి, చుట్టూ తిరిగి ఇంటికి వచ్చినట్టు ఉంది. ఈ రెండూ చూసి ఆయన తీర్మానానికి వచ్చేశారు. వారం పాటు కోచింగ్ మాన్పించారు, ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నారు. ఆ తర్వాత అమ్మాయి ఆయనతో మాట్లాడటం మానేసింది. గదిలో నా ముందు కూడా నేల చూపులే.

మొదట చేసింది

ముందున్న దారులు రెండు. స్క్రీన్‌షాట్లు పక్కన పెట్టించి బంధం గురించి మాట్లాడటం ఒకటి, స్క్రీన్‌షాట్లనే జాగ్రత్తగా చూడటం ఇంకొకటి. నేను రెండోది ఎంచుకున్నాను. ఆ తండ్రి వాటిని సాక్ష్యంగా పట్టుకుని వచ్చారు. సాక్ష్యాన్ని చూడకుండా తోసేస్తే ఇంకా గట్టి సాక్ష్యం కోసం వెతుకుతారు. పైగా అప్పటికి అమ్మాయి ఎక్కడికి వెళ్లిందో నాకూ తెలియదు. "మ్యాప్ తప్పు, మీ అమ్మాయి ఒప్పు" అనడానికి నా దగ్గర ఆధారం లేదు.

చుక్క చుట్టూ ఉన్న లేత నీలం వలయాన్ని ఆయనకు చూపించాను. అంతవరకూ ఆయన దాన్ని గమనించలేదు. ఫోన్ "ఇక్కడే ఉన్నాను" అని చెప్పడం లేదు, "ఈ వలయం లోపల ఎక్కడో ఉన్నాను" అని చెబుతోంది. ఆరుబయట, ఉపగ్రహాల సిగ్నల్ బాగా అందినప్పుడు తేడా కొన్ని మీటర్లే. కాంక్రీటు గదిలో, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉన్నప్పుడు ఫోన్ చుట్టుపక్కల వైఫైల మీద, సెల్ టవర్ల మీద ఆధారపడుతుంది. టవర్‌ను బట్టి వేసిన అంచనాలో తేడా వందల మీటర్లు, ఒక్కోసారి కిలోమీటర్లు. సరిహద్దు ఊళ్లలో ఫోన్లు అవతలి రాష్ట్రం టవర్‌ను పట్టుకోవడం మనందరికీ అనుభవమే. చుక్క కింద "ఇంతసేపటి క్రితం" అని ఉండే సమయాన్ని కూడా చూడాలి. పాత చుక్కను ఇప్పటి చుక్క అనుకునేవాళ్లు చాలామంది.

ఇదంతా నా మాటగా నమ్మమనలేదు. కూతురిని తీసుకుని కోచింగ్ సెంటర్‌కు వెళ్లి, ఆమె ఫోన్‌ను అదే గదిలో, అదే సెట్టింగ్‌తో పెట్టి, తన ఫోన్‌లో చూడమన్నాను. వెళ్లారు. కాసేపు బాగానే ఉన్న చుక్క ఒక్కసారి గెంతి అవతలికి వెళ్లి, కొంతసేపు అక్కడే ఉండి తిరిగి వచ్చిందట. తండ్రి అక్కడికక్కడే "తప్పైపోయిందమ్మా" అన్నారు. అమ్మాయి ఏడ్చింది.

అందరికీ ఊపిరి పీల్చుకున్నట్టయింది. దాని మీద ఒక ఒప్పందం రాసుకున్నాం. లొకేషన్ షేరింగ్ సాయంత్రం కోచింగ్ వేళల్లోనే ఆన్‌లో ఉంటుంది, తండ్రి మధ్యలో ఫోన్ చేయరు, ఆలస్యమైతే అమ్మాయే మెసేజ్ పెడుతుంది. ఇలాంటి ఒప్పందాలు చాలా ఇళ్లలో పనిచేస్తాయి. ఇద్దరికీ హద్దులు స్పష్టంగా కనిపిస్తాయి, రోజువారీ గొడవలు తగ్గుతాయి.

నిలబడనిది

కొన్ని వారాల తర్వాత తండ్రి సంతోషంగా వచ్చారు. "దారికొచ్చింది మేడమ్. చుక్క చక్కగా కోచింగ్‌లోనే ఉంటోంది. టైముకి ఇంటికొచ్చేస్తోంది."

తల్లిని అడిగాను. రాత్రిళ్లు పడుకోవడం లేదని, కోచింగ్ వేళకి కడుపునొప్పి అంటోందని, రెండు ముద్దలు తిని లేచిపోతోందని చెప్పింది. ఇక్కడే నాకు లెక్క కుదరలేదు. గొడవకు కారణం మ్యాప్ తప్పు అయితే, ఆ తప్పు తేలాక అమ్మాయికి హాయిగా ఉండాలి. తండ్రి నిశ్చింతగా ఉన్నారు, కూతురు ఇంకా కుంగిపోతోంది. పైగా ఈ కడుపునొప్పి సెలవు రోజుల్లో లేదు, కోచింగ్‌కు బయలుదేరేముందే వస్తోంది. చుట్టూ తిరిగి ఇంటికి వచ్చిన పాత స్క్రీన్‌షాట్లు గుర్తొచ్చాయి. టవర్ తేడా చుక్కను గెంతిస్తుంది గానీ, వీధి వెంట వీధిగా నడిపించదు. ఆ చుట్టుదారి నిజమైనదే. చుక్క గెంతడం గురించి తేలగానే ఇంట్లో అందరూ దాన్ని మరిచిపోయారు.

అందుకని అమ్మాయితో ఒంటరిగా మాట్లాడాలని నిర్ణయించాను. తండ్రికి నచ్చలేదు. "నా ముందు చెప్పలేనిది ఏముంటది?" అన్నారు. ఆయనతో వాదించలేదు. డాక్టరు కడుపు నొక్కి చూసేటప్పుడు మనం బయట నిలబడతాం కదా అన్నాను, ఒప్పుకున్నారు.

మొదలుపెట్టే ముందు అమ్మాయికి ఒక మాట స్పష్టంగా చెప్పాను. నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది, కానీ నీ ప్రాణానికి ప్రమాదం ఉన్నా, నువ్వు ఇంకొకరికి హాని చేసేలా ఉన్నా, ఎవరైనా పెద్దవాళ్లు నిన్ను లైంగికంగా వేధిస్తున్నా నేను నాలోనే ఉంచుకోలేను, చట్టం ఒప్పుకోదు. కొంతమంది సహోద్యోగులు ఈ మాట ముందే చెబితే పిల్లలు నోరు మూసుకుంటారని భయపడతారు. నా అనుభవం వేరు. నమ్మి చెప్పాక "ఇది దాచలేను" అంటే, ఆ పిల్ల మళ్లీ ఏ పెద్దమనిషికీ ఏమీ చెప్పదు.

అమ్మాయి కాసేపు ఊరుకుంది. తర్వాత లేచి, తన ఫోన్ తీసుకెళ్లి గది బయట బల్ల మీద పెట్టి వచ్చింది. "అది ఉంటే మాట్లాడను" అంది.

అసలు సంగతి

తండ్రి నాకు చెప్పనిది ఒకటి ఉంది. లొకేషన్ షేరింగ్ కాకుండా, మొబైల్ దుకాణంలో ఒకతని చేత కూతురి ఫోన్‌లో ఇంకో యాప్ వేయించారు. మెసేజ్‌లన్నీ ఆయన ఫోన్‌కు వచ్చేస్తాయి. ప్లే స్టోర్‌లో ఇలా దాక్కుని పనిచేసే యాప్‌లకు అనుమతి లేదు, పిల్లల మీద నిఘాకు పెట్టినా నోటిఫికేషన్ కనిపించాలన్నది అక్కడి నియమం. కాబట్టి ఇవి బయటి నుంచి ఫైల్‌గా వేస్తారు, రక్షణ సెట్టింగ్ ఆపేసి. ఫోన్ వేడెక్కడం, బ్యాటరీ తొందరగా అయిపోవడం చూసి స్నేహితురాలి అన్న సెట్టింగ్స్‌లో వెతికితే ఏదో సిస్టమ్ పేరుతో అది బయటపడింది. "తప్పైపోయింది" అన్న నాన్న ఆ యాప్ మాత్రం తీయలేదని అమ్మాయికి అర్థమైంది.

ఇప్పుడు ఆ చుట్టుదారి సంగతి. కొన్ని నెలలుగా ఒకతను బైక్ మీద ఆమె సైకిల్ వెంట వస్తున్నాడు. ఇరవై దాటినవాడు. కోచింగ్ వదిలే వేళకు మలుపు దగ్గర ఉంటాడు. మాటలంటాడు, ఫోన్ నంబర్ అడుగుతాడు, వద్దన్నా వస్తాడు. అతన్ని తప్పించుకోవడానికి అమ్మాయి గుడి వీధి మీదుగా, జనం ఎక్కువ ఉండే దారిలో చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేది. తండ్రి "తిరుగుళ్లు" అనుకున్నది అదే.

స్నేహితురాలు ఒడియాలో పెట్టిన ఒక మెసేజ్ కూడా తండ్రి చూశారు: ఇవాళ కూడా వచ్చాడు, వెనక వీధి నుంచి వెళ్లు. అందులో ఆయనకు ప్రేమ వ్యవహారం కనిపించింది. చెయ్యి చేసుకున్నది ఆ రోజే. కూతురికి ఉన్న ప్రమాదం అక్షరాలా ఆయన ఫోన్‌లోకి వచ్చింది. లొకేషన్ ఉంది, మెసేజ్ ఉంది, సమయం ఉంది. ఏం జరుగుతోందో మాత్రం ఆయనకు తెలియలేదు, ఎందుకంటే చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషిని ఆయన అడగలేదు. ఆయన దగ్గర అప్పటికే జవాబు ఉంది.

నాకు భయం వేసింది దీని తర్వాతి మాట విన్నప్పుడు. యాప్ బయటపడ్డాక అమ్మాయి ఫోన్‌ను కోచింగ్ పక్కనే ఉన్న స్నేహితురాలి ఇంట్లో వదిలేసి బయలుదేరుతోంది. చుక్క కదలకుండా ఉంటే నాన్న ఊరుకుంటారు. స్నేహితురాలి అన్న తర్వాత ఫోన్ తెచ్చి వీధి చివర ఇస్తాడు. అంటే తండ్రి నిశ్చింతగా ఉన్న ఆ వారాల్లో, వెంటపడేవాడు ఉన్న దారిలో, చీకటి పడ్డాక, 16 ఏళ్ల పిల్ల చేతిలో ఫోన్ కూడా లేకుండా ఇంటికి వస్తోంది. ఆపద వస్తే 112కు ఫోన్ చేసే దారి లేదు.

ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే చదువు మాన్పించేస్తారు. లేకపోతే నువ్వేం చేశావని అడుగుతారు. ఎలాగూ అన్నీ చూస్తున్నారు కదా, చూసుకోనీ అనిపించింది."

చెప్పడం ఎలా

పిల్లల మీద జరిగే లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం 11వ సెక్షన్ ప్రకారం లైంగిక ఉద్దేశంతో పిల్లలను పదేపదే వెంబడించడం, కనిపెట్టి ఉండటం, నేరుగా గానీ ఫోన్‌లో గానీ సంప్రదించడం లైంగిక వేధింపు. ఉద్దేశం ఏమిటో తేల్చేది కోర్టు, నేను కాదు. నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని భయం ఉన్నా పోలీసులకు చెప్పడం 19వ సెక్షన్ ప్రకారం ఎవరికైనా బాధ్యత. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ కూడా వద్దన్నా ఆడవాళ్ల వెంటపడటాన్ని నేరంగా చూస్తుంది.

అమ్మాయి చేతులు పట్టుకుని బతిమాలింది, వద్దని. చెప్పక తప్పదన్న సంగతి మొదట్లోనే చెప్పి ఉండటం ఇక్కడ పనికొచ్చింది. ఆమె చేతిలో మిగిలిన నిర్ణయాలన్నీ ఆమెకే వదిలాను: ముందు ఎవరికి చెప్పాలి, ఎవరు చెప్పాలి, తను గదిలో ఉండాలా వద్దా. ఇంతకాలం ఆమె ఫోన్, దారి, మాటలు అన్నీ వేరేవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. నేను కూడా అన్నీ నా చేతుల్లోకి తీసుకుంటే, ఆమెకు నేను ఇంకొక తండ్రిని అవుతాను.

తల్లికి ముందు చెప్పమంది. తల్లి విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నన్నూ ఇంటర్‌లో మాన్పించింది ఇలాంటిదానికే" అంది. కూతురికి ఆ సంగతి అప్పటివరకూ తెలియదు.

తండ్రికి చెప్పే ముందు నేను రెండు విషయాలు ఆలోచించుకున్నాను. ఒకటి, ఆయన మనుషులను వేసుకుని కొట్టడానికి బయలుదేరతారు. రెండు, సిగ్గుతో కూతురి మీదే విరుచుకుపడతారు. అందుకని తల్లి పక్కన కూర్చుని ఉండగా, పగటిపూట, అమ్మాయి లేనప్పుడు చెప్పాను. మొదటిది జరిగింది. "వాడిది ఆంధ్రా బండి మేడమ్, నేను అక్కడే తేల్చుకుంటాను" అని లేచారు. కొడితే కేసు ఎదురు తిరుగుతుందని, అమ్మాయి పేరు ఊరంతా పాకుతుందని తల్లే ఆపింది. బండి ఏ రాష్ట్రానిదైనా జరిగింది ఇక్కడ కాబట్టి ఇక్కడి స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చని చెప్పాను. వేరే హద్దులో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు, పోలీసు, కోర్టు పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ అదే చెబుతోంది. సరిహద్దు ఊళ్లలో "అది మా పరిధి కాదు" అన్న మాటకు జనం భయపడి వెనక్కి తిరిగిపోతుంటారు, కాబట్టి ఈ సెక్షన్ గుర్తుంచుకోవడం మంచిది.

ఆయన్ని ఎక్కువగా నెమ్మదింపజేసింది పోక్సో చట్టం 24వ సెక్షన్. పిల్ల వాంగ్మూలం ఇంట్లో గానీ తనకు నచ్చిన చోట గానీ తీసుకోవాలి, వీలైనంతవరకూ ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు. కూతుర్ని స్టేషన్ మెట్లు ఎక్కించాలేమో అన్నదే ఆయన భయం. అలాగే జరిగింది: మహిళా అధికారి మామూలు బట్టల్లో ఇంటికి వచ్చారు, తల్లి పక్కన కూర్చుంది. ఆ తర్వాతి సంగతులు చట్టం చేతుల్లో ఉన్నాయి కాబట్టి రాయను. అతను మళ్లీ ఆ దారిలో కనిపించలేదు.

పనిచేసినవి

దాక్కున్న యాప్‌ను తీసేయడం సరిపోదు, ఫోన్ మొత్తం రీసెట్ చేయించాం. ఆ యాప్ అమ్మాయి మెసేజ్‌లను ఎవరో తెలియని కంపెనీ సర్వర్‌కు పంపుతోందని తండ్రికి అప్పటివరకూ తట్టలేదు. ఇలాంటి వ్యాపారం మీద 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుని స్పైఫోన్ అనే యాప్ నడిపే కంపెనీని నిఘా యాప్‌ల రంగం నుంచే నిషేధించింది. మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువాళ్లను పిల్లలుగానే లెక్కేసి, కంపెనీలు వాళ్లను ట్రాక్ చేయకూడదంటోంది. ఇంట్లో తల్లిదండ్రులు సొంతానికి చేసేది ఆ చట్టం కిందికి రాదు. చట్టం అడ్డు లేదు కాబట్టి చేయవచ్చు అనే తల్లిదండ్రులకు నేను ఈ అమ్మాయి ఫోన్ లేకుండా ఇంటికి వచ్చిన దారి గురించి చెబుతాను.

లొకేషన్ షేరింగ్‌ను పూర్తిగా ఆపేయాలా? అమ్మాయి ముందు అదే కోరింది. తండ్రి ఆపలేనన్నారు. నేను ఏ పక్షమూ తీసుకోలేదు. ఆమెను వెంబడించినవాడు ఉన్నమాట నిజం, చీకట్లో ఇంటికి వచ్చేటప్పుడు ఎవరో ఒకరికి తెలిసి ఉండటం ఆమెకే అవసరం. కాబట్టి ప్రశ్న మార్చి అడిగాను: దాని స్విచ్ ఎవరి చేతిలో ఉండాలి? చివరికి కుదిరింది ఇదీ. కోచింగ్ నుంచి బయలుదేరేటప్పుడు అమ్మాయే ఒక గంటకు షేరింగ్ ఆన్ చేస్తుంది, గంట అవగానే అదే ఆగిపోతుంది. అమ్మానాన్నల లొకేషన్ కూడా ఆమెకు కనిపిస్తుంది. తండ్రికి ఇది కొత్త. సరుకు కోసం టెక్కలి వెళ్లి ఆలస్యమైన రోజు కూతురు "ఇంకా అక్కడే ఉన్నారేంటి నాన్నా, తిన్నారా?" అని ఫోన్ చేసింది. చాలా నెలల తర్వాత ఆమె తనంతట తాను చేసిన ఫోన్ అదని ఆయన నాతో చెప్పారు.

ఇంకో నియమం తల్లి పెట్టింది. రాత్రి ఏ సంగతి చెప్పినా దాని మీద మాటలు మర్నాడు పొద్దున్నే. అప్పటికప్పుడు తిట్టడం లేదు, నిర్ణయాలు లేవు, "మాన్పించేస్తాను" అసలే లేదు. నేను ఇచ్చిన సలహాలన్నిటికన్నా ఇదే ఎక్కువ పనిచేసింది. చెబితే ఏమవుతుందో అన్న భయమే ఆమె నోరు నొక్కింది కాబట్టి, చెప్పాక ఒక రాత్రి గడువు దొరకడం ఆమెకు చాలా పెద్ద విషయం.

నిద్ర, తలనొప్పి సంగతికి జిల్లా ఆసుపత్రిలో కౌమారుల కోసం నడిచే శ్రద్ధా క్లినిక్‌కు పంపాను. రాత్రిళ్లు గుండె దడగా ఉంటే 14416కు, అంటే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేయమన్నాను. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. చేసిందో లేదో అడగలేదు. కడుపునొప్పి తగ్గింది. మార్కులు వెంటనే ఏమీ పెరగలేదు, నెమ్మదిగా కుదుటపడ్డాయి.

నేర్చుకున్నది

తల్లిదండ్రులను ఇప్పుడు నేను ముందుగా అడిగేది ఇది: "ఈ మధ్య మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ తనంతట తాను వచ్చి మీకు చెప్పిన కష్టం ఏది?" జవాబు వెంటనే వస్తే, లొకేషన్ షేరింగ్ ఉన్నా లేకపోయినా నాకు పెద్ద టెన్షన్ ఉండదు. జవాబు కోసం భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే, ముందు దాని గురించే మాట్లాడతాం.

దీని వెనక ఒక పరిశోధన ఉంది. స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే ఇద్దరు 14 ఏళ్ల పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ పరిశీలించి 2000లో ప్రచురించారు. తల్లిదండ్రులకు పిల్లల గురించి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం నిఘా వల్లనో ఆరాలు తీయడం వల్లనో వచ్చింది కాదు, పిల్లలు తమంతట తాము చెప్పినది. ఫోన్లలో మ్యాప్‌లు రాకముందు మాట ఇది. మ్యాప్‌లు వచ్చాక కూడా ఈ ఇంట్లో జరిగింది అదే. పిల్ల చెప్పడానికి భయపడేలా చేసే ఏ పనైనా, అది ఎంత ప్రేమతో చేసినా, ఆమెను ఇంకొంచెం ఒంటరిని చేస్తుంది. ఒంటరిగా ఉన్న పిల్లనే వెంటపడేవాళ్లు వెతుక్కుంటారు.

నాతోపాటు ఈ పని చేసేవాళ్లకు రెండు విషయాలు. తల్లిదండ్రులు "ఇప్పుడు బాగుంది" అంటే, ఎవరికి బాగుందో అడగండి. పిల్ల నిద్ర, తిండి, ఏ వేళకు నొప్పి వస్తోంది అన్నవి చూడండి. ఇంకొకటి, పిల్లలు ఫోన్‌ను ఎక్కడ పెడుతున్నారో గమనించండి. గది బయట పెట్టి వచ్చారంటే, ఆ ఫోన్‌లో తాము కాక ఇంకెవరో ఉన్నారని వాళ్లకు తెలుసన్నమాట.

ఒక విషయం మాత్రం ఈ ఇంట్లో సగమే తేలింది. అమ్మాయి ఒకరోజు అందరి ముందూ అడిగింది: "తమ్ముడికీ ఫోన్ ఉంది కదా. వాడి ఫోన్‌లో ఎందుకు పెట్టలేదు?" వాడు రోజూ ఆడుకోవడానికి సరిహద్దు దాటి అవతలి మైదానానికి వెళ్తాడు, చీకటి పడ్డాక వస్తాడు. తండ్రి "వాడు మగపిల్లాడు కదమ్మా" అన్నారు. మామ్మ కూడా అదే అంది. ఆ ప్రశ్నను నేను తీసి పక్కన పెట్టలేదు, అలాగని అక్కడే తేల్చేయమనీ అనలేదు. పోక్సో చట్టం ఆడపిల్లలకు మాత్రమే కాదని, మగపిల్లలకూ వర్తిస్తుందని, వాళ్లనూ వేధించేవాళ్లు ఉంటారని చెప్పాను. ఆ మాట తండ్రికి కొత్తగా వినిపించింది. కొడుకు కూడా ఇప్పుడు బయలుదేరేటప్పుడు షేరింగ్ ఆన్ చేస్తున్నాడట, అప్పుడప్పుడూ మర్చిపోతూ. అమ్మాయి మర్చిపోతే వచ్చే ఫోన్, వాడు మర్చిపోతే రావడం లేదని ఆమె లెక్కపెడుతోంది. వచ్చే ఏడాది ఆమె చదువు కోసం విశాఖలోనో భువనేశ్వర్‌లోనో హాస్టల్‌లో ఉండాలనుకుంటోంది. తండ్రి అప్పుడు రోజంతా షేరింగ్ ఉండాలంటున్నారు, ఆమె రాత్రి తిరిగి వచ్చే వేళకు మాత్రమే అంటోంది. ప్లస్ టు పరీక్షలయ్యాక మళ్లీ కూర్చుని మాట్లాడదామనుకున్నాం.